బొట్టుగాడు నేర్చిన మాట

ఇప్పవాగు అడవిలో కుందేళ్లు, నెమళ్లు, ముంగిసలు, నేల మీద గూడు పెట్టే చిన్న చిన్న పిట్టలు బోలెడు ఉండేవి. వాటిలో సింగారి అనే కౌజుపిట్ట ఒకటి. ఆ ఏడు పెట్టిన గుడ్లలో ఒక్కటే పిల్ల అయింది. నుదుటి మీద తెల్లచుక్క ఉందని వాడికి బొట్టుగాడని పేరు పెట్టుకుంది. వాడంటే సింగారికి పంచప్రాణాలు.

నేల మీద బతికే పిట్టపిల్లకు అన్నిటికన్నా ముందు తెలియాల్సిన మాట ఒకటుంది. అది "నక్కు!" డేగ కనబడగానే తల్లి ఆ మాట అంటుంది. పిల్ల ఉన్నచోటే నేలకు కరుచుకుపోవాలి, కిమ్మనకూడదు. ఆ మాట తెలియని పిల్ల డేగకు చిక్కినట్టే.

ఒకరోజు అడవి చూడవచ్చిన మనుషులు వాగు ఒడ్డున ఒక ఫోను మరిచిపోయారు. ఎండ తగిలితే చాలు, అది వెలిగేది. అందులో ఒక రంగుల బొమ్మపిట్ట తోక ఊపుతూ "రా! తిను! నక్కు!" అని పాడిందే పాడేది. దాని ముందు కూర్చుంటే బొట్టుగాడు కదిలేవాడు కాదు. సింగారి హాయిగా చెదలు ఏరుకునేది. మూడు రోజులకే వాడు ఆ మాటలన్నీ గడగడా అప్పజెప్పాడు. ఇక సింగారి కాళ్లు నేల మీద నిలవలేదు.

పక్క పొదలో గవరమ్మ అనే పూరేడుపిట్ట ఉండేది. నలుగురు పిల్లల్ని వెంటేసుకుని రోజంతా వాగుతూనే ఉండేది. "ఇదిగో చీమ, కుడుతుంది జాగ్రత్త! ఏంట్రా, కిచ్ అంటావు? ఆకలా? రా మరి."

"నోరు నొప్పెట్టదూ వదినా? మావాడికి అన్ని మాటలూ వచ్చేశాయి. మీవాళ్లకి ఒక్కటీ రాలేదే!" అంది సింగారి.

"పలకడం రాలేదు గానీ, నేను చెబితే వాళ్లకి అర్థమవుతుందమ్మా. మీవాడు ఆ మాటలు ఎవరితో అంటాడు?"

"ఎవరితో అయితే ఏం? అంటాడుగా!" అని సింగారి మూతి తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే డేగ నీడ పడింది. "నక్కు!" అని అరిచింది సింగారి. గవరమ్మ పిల్లలు నలుగురూ గడ్డిలో మాయమయ్యారు. బొట్టుగాడికి మాత్రం తెలిసిన పాట వినబడినట్టయింది పాపం. సంబరంగా లేచి నిలబడి, తోక ఊపుతూ "నక్కు! నక్కు! నక్కు!" అని పాడాడు.

 సింగారి ఎగిరి వాడి మీద పడింది. డేగ గోళ్లు దాని రెక్కను చీల్చేశాయి. తల్లీపిల్లా దొర్లుకుంటూ ముళ్లపొదలో పడ్డారు కాబట్టి బతికారు.

"నక్కమన్నాను కదరా నాన్నా!" అని సింగారి భోరుమంది. బొట్టుగాడు బిత్తరపోయి "రా! తిను!" అన్నాడు. తప్పు వాడిది కాదని అప్పుడు తెలిసింది తల్లికి.

ఆ రెక్క మళ్లీ ఎగరలేదు. ఫోనును సింగారి, గవరమ్మ కలిసి కాళ్లతో వాగులోకి తోసేశారు. చేపలు అందులో ఏం నేర్చుకున్నాయో మనకు తెలియదు.

ఆనాటి నుంచి సింగారి వాడితో మాట్లాడటం మొదలుపెట్టింది. వాడు కిచ్ మంటే ఆగి వినేది, వాడి కళ్లలోకి చూసి బదులు చెప్పేది. మబ్బు నీడ పడ్డా "నక్కు" అని తాను నక్కి, వాణ్ణి పక్కన అదుముకునేది. పది రోజులు వాడి నోట ఒక్క మాటా రాలేదు.

"ఉన్న మాటలూ పోయాయి వదినా," అని సింగారి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎక్కడికీ పోలేదు. ఇప్పుడే వాడికి అర్థమవుతున్నాయి. ఓపిక పట్టు," అంది గవరమ్మ.

ఒక మధ్యాహ్నం సింగారి చెదపుట్టలో తల దూర్చి తవ్వుతోంది. ఇంతలో వెనక నుంచి చిన్న గొంతు వినబడింది.

"నక్కు, అమ్మా!"

సింగారి ఆలోచించకుండానే నేలకు అతుక్కుపోయింది. డేగ నీడ దాని వీపు మీదుగా జారి వెళ్లిపోయింది. మెల్లగా తల తిప్పి చూస్తే, బొట్టుగాడు గడ్డిలో నక్కి ఊపిరి బిగబట్టి అమ్మనే చూస్తున్నాడు. సింగారికి ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. వాడు ఆ మాట తనతో అన్నాడు.

నీతి: మాటలు వినిపించే వస్తువులు ఎన్ని ఉన్నా, పసిపిల్లకు మాట వచ్చేది తనతో మాట్లాడే మనిషి దగ్గరే.