ఉప్పు మరవని గింజలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక్క మనిషే ఉండేది. ఊఁ కొట్టాలి మరి, ఊఁ కొట్టకపోతే కథ నడవదు. ఆఁ, అలాగ.

ఒక్క మనిషే ఉంటే అది ఊరెలా అవుతుంది అంటావేమో. ఊరే తల్లీ. ఉప్పుటేటి ఒడ్డున నలభై గడపల ఊరు. ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. సముద్రం ఏటికి ఎదురెక్కి పొలాల్లోకి వచ్చేసింది. మూడు రోజులుండి పోయింది గానీ, పోతూ పోతూ ఉప్పంతా మళ్ళలోనే వదిలేసి పోయింది. అప్పుడు ఊరంతా మూటలు కట్టుకుని, పడవలెక్కి, తియ్యనీళ్ళున్న మెట్టకి వెళ్ళిపోయారు. ఒక్క తవిటమ్మ కదల్లేదు.

తవిటమ్మ అంటే నవ్వుతావేం? ఆ పేరుకో కథుంది. వాళ్ళమ్మకి ముగ్గురు బిడ్డలు పుట్టి పుట్టి పోయారు. నాలుగోది ఈ పిల్ల. అప్పుడు వాళ్ళమ్మ ఏం చేసిందంటే, పురిటి బిడ్డని చాటలో పడుకోబెట్టి పక్కింటి పోలమ్మకి ఇచ్చేసి, బదులుగా చాటెడు తవుడు పుచ్చుకుంది. పిల్ల పోలమ్మదైపోయింది. పోలమ్మ ముద్దు పెట్టుకుని, "నా బిడ్డని పెంచిపెట్టవే" అని మళ్ళీ ఆ తల్లి చేతుల్లోనే పెట్టింది. మృత్యువు వచ్చి చూస్తే ఏముంది? ఆ ఇంటి బిడ్డ ఆ ఇంట్లో లేదు. వెతికి వెతికి వెళ్ళిపోయింది.

అందుకే తవిటమ్మకి ఇద్దరమ్మలు. కన్నది కన్నమ్మ. తవుడిచ్చి కొన్నది కొన్నమ్మ.

కాస్త పెద్దయ్యాక తవిటమ్మ అడిగింది, "అమ్మా, తవుడికి అమ్మేస్తే నా తలరాత మారిపోద్దేటి?" అని.

"రాత బ్రహ్మది, అదెక్కడ మారుద్దే? మనం మార్చింది పిలుపే" అంది కన్నమ్మ.

ఈ మాట కొంగున ముడేసుకో తల్లీ. ముందు పనుంది దీంతో.

సరే. ఊరు ఖాళీ అవుతున్న రోజున పోలమ్మ పడవలోంచి కేకలేసింది. "ఏటే తవిటీ, చాటెడు తవుడిచ్చి కొన్నాను నిన్ను! నా మాట ఇనవా? పడవెక్కు!"

"ఆ తవుడు మా ఆవు ఎప్పుడో తినేసింది గదా కొన్నమ్మా" అంది తవిటమ్మ. నవ్వుతూనే అంది గానీ ఎక్కలేదు. ఎందుకంటే కన్నమ్మ పోతూ పోతూ ఒక కుండ ఆమె చేతికిచ్చింది. దాన్నిండా ఆ ఊరి ఎర్రవడ్లు. "విత్తనముంటే ఊరు తిరిగొస్తాది. విత్తనం పోతే ఊరి పేరే పోద్ది" అని చెప్పి కళ్ళు మూసింది. ఇప్పుడా విత్తనం తవిటమ్మ దగ్గర తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు.

పడవలు వెళ్ళిపోయాయి. ఊళ్ళో గ్రామదేవత నీలమ్మ తల్లి ఒక్కత్తీ మిగిలింది. తవిటమ్మ ఒక్కత్తీ మిగిలింది. పొద్దు వాలే వేళ తల్లికి దీపం పెట్టి, నలభై గడపల ముందునుంచీ నడిచేది. "కొన్నమ్మా, కూరేం వండావు?" అని మూసిన తలుపుని అడిగేది. "ఎండు నెత్తళ్ళే" అని తనే చెప్పుకునేది.

మొదటేడు తవిటమ్మ మడి దున్ని కుండలో సగం వడ్లు చల్లింది. ఉప్పుకి మొలకలు మాడిపోయాయి. తియ్యనీటి గుంట పక్కన మాత్రం కొంచెం బాగా పండింది. ఏటి గట్టు పక్కన జానెడేసి గిడస మొక్కలు నాలుగు నిలబడి, గుప్పెడు నలుసు గింజలిచ్చాయి. ఆ ఊరి ఆచారం ఏమిటంటే, నిండు కంకే విత్తనానికి, గిడసది తవుడుకి, కోడికి. తరతరాల ఆచారం కదా! తవిటమ్మ నిండు గింజలు దాచి, నలుసు గింజలు కోడికని మూకుట్లో పోసి, పెరటి చూరులో పెట్టి మరిచిపోయింది. అక్కడే తప్పు చేసింది తల్లీ. కానీ ఆవిడకేం తెలుసు పాపం!

రెండో ఏడు ఆ నిండు గింజలూ, కుండలో మిగిలిన సగమూ కలిపి చల్లింది. ఆ ఏడు గుంటలోకీ ఉప్పు దిగింది. ఒక్క మొక్క, ఒక్కటంటే ఒక్కటి, మిగల్లేదు. కుండ బోర్లించి చూసుకుంది. లోపల చీకటి.

ఆ తర్వాత మూడో ఏడు వచ్చింది. తవిటమ్మ మూట కట్టుకుంది. నీలమ్మ తల్లి ముందు కూలబడి, "అమ్మా, నా చేతుల్లోనే పోయింది. నేనెల్లిపోతాను, నువ్వొక్కదానివీ ఉండు" అని ఏడ్చింది. లేచి గుమ్మంలోకి వస్తే ఏముంది? పోటుకి ఏటినీళ్ళు పెరట్లోకొచ్చి మడుగు కట్టాయి. కోడి చూరెక్కి మూకుడు తన్నేసిందేమో, మొదటేటి నలుసు గింజలు ఆ ఉప్పు బురదలో పడి ఉన్నాయి. పడి ఊరుకున్నాయా? పచ్చగా మొలిచి కూర్చున్నాయి!

ఊఁ కొట్టవేం? నిద్రపోయావా? ఆఁ, విను.

ప్రతి గింజ కడుపులోనూ బ్రహ్మ రాసిన తాటాకు పుస్తకం ఒకటుంటుంది. ఎండొస్తే ఏం చెయ్యాలి, వానొస్తే ఏం చెయ్యాలి, ఉప్పొస్తే ఏం చెయ్యాలి, అన్నీ రాసే పెట్టాడు స్వామి. అన్ని ఆకులూ ఒక్కసారే చదివితే గింజకి మతి పోదూ? అందుకని చదవక్కర్లేని ఆకులకి దారంతో ముడి వేసి ఉంటుంది. ఆ ముడి వేసే పనీ విప్పే పనీ మొక్కకే వదిలేశాడు. గట్టు పక్కన ఉప్పు తాగి బతికిన తల్లిమొక్క ఉప్పు ఆకు ముడి విప్పుకుంది. విప్పుకున్నది విప్పుకున్నట్టే బిడ్డల చేతికిచ్చింది. పుస్తకంలో అక్షరం మారలేదు. ముడి మారిందంతే.

తవిటమ్మకి పుస్తకం సంగతి తెలియదు. కన్నమ్మ మాట గుర్తొచ్చింది. "రాత అదే. పిలుపే మారింది" అనుకుంది. మూట దించి, ఆ మొలకలు నాటింది. నిలబడ్డాయి! కొన్ని మొక్కలు మాత్రం వంకర టింకరగా, మీసాలేసుకుని వచ్చాయి. తల్లిమొక్క గట్టున ఉన్నప్పుడే ఏటొడ్డు నివ్వరి, అదే అడవి వరి, దాని పుప్పొడి వచ్చి కలిసిందన్నమాట. ఒకే అట్టలో రెండు పుస్తకాలు! ఒకే వంటింట్లో తోడికోడళ్ళలాగ రెండూ ఒకేసారి అరుచుకున్నాయి. రెండు పంటలయ్యేసరికి కొన్ని ఆకులు ఇదీ కొన్ని అదీ మూసుకుని సర్దుకున్నాయి. కోడళ్ళకన్నా నయమే!

ఈ కబురు ఏటి మీద పోయే పడవలవాళ్ళ నోట మెట్టకి పాకింది. పోలమ్మ పడవలో వచ్చి, తవిటమ్మని వాటేసుకుని, విత్తనం పట్టుకెళ్ళింది. "మూడు పంటలు తీసి, ఇత్తనం మా కాడ నిలిస్తే నిన్నొచ్చి తీసుకెళ్తాను. మూట కట్టుకుని ఉండు" అంది. తవిటమ్మ మూట కట్టుకునే ఉంది. ఒక పంట చూసింది. రెండు పంటలు చూసింది. మూడు పంటలు చూసింది. తన మడిలో ఉప్పు మీద పండిస్తూనే ఉంది, పడవ కోసం చూస్తూనే ఉంది.

పడవ వచ్చింది. పోలమ్మ దిగింది. వెనక కోడలు సూరమ్మ, చంకలో పసిగుడ్డుతో.

"తవిటీ, నీ గింజ మా కాడ మతి పోగొట్టుకుందే. రెండు పంటలు ఏపుగా పెరిగింది. మూడోసారి మా కాలవకీ ఉప్పొచ్చింది, అంతా మాడిపోయింది. తియ్యనీళ్ళు తాగి తాగి ఉప్పు మర్చిపోయిందే!"

"నువ్వూ అంతే గదా కొన్నమ్మా" అంది తవిటమ్మ.

పోలమ్మ తలొంచుకుంది. తలెత్తకుండానే, "మూటేదీ? పద" అంది.

తవిటమ్మ మూట వంక చూసింది. మడి వంక చూసింది. "నేనొచ్చేస్తే దీనికి ఉప్పెవరు గుర్తుచేస్తారు?" అంది. అని, మూట ముడి విప్పి, ఆ గుడ్డలోనే పోలమ్మకి మళ్ళీ విత్తనం పోసి కట్టింది.

అప్పుడు సూరమ్మ నోరు విప్పింది. "వదినా, ఇది మూడోది. ఇద్దరు పోయారు. నీ కాడ తవుడుందా?"

"ఈ ఊళ్ళో ఇంకేముందమ్మా, ఉప్పూ తవుడూనే గదా" అని తవిటమ్మ చాటెడు ఎర్ర తవుడు కొలిచి ఇచ్చి, బిడ్డని అందుకుంది. వెచ్చగా ఉంది. ఎన్నేళ్ళయిందో ఆ చేతులకి ఒక వెచ్చదనం తగిలి! బిడ్డ ఆవిడదైపోయింది. ఎంతసేపంటావా? సూరమ్మ చేతులు చాచేంతసేపు.

"నా బిడ్డని పెంచిపెట్టు" అని ఇచ్చేసింది.

పడవ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం తవిటమ్మ దీపం పెట్టి, నలభై గడపల ముందునుంచీ నడిచింది. "కొన్నమ్మా, కూరేం వండావు?" అంది. "ఎండు నెత్తళ్ళే" అని చెప్పుకుంది. "నా బిడ్డ పాలు తాగిందా?" అంది. దానికి జవాబు తనే చెప్పుకోవడం చేతకాలేదు. చెవి ఒగ్గి అలా నిలబడిపోయింది.

ఆ బిడ్డకి నడకా మాటా వచ్చాక, ఏటేటా విత్తనాల వేళకి ఒక పడవ వస్తుంది. అందులో ఖాళీ చాట పట్టుకుని ఒక చిన్నపిల్ల. రేవు ఇంకా దూరంగా ఉండగానే, ఖాళీ ఊరంతా మారుమోగేలా, "కొన్నమ్మా!" అని కేకేస్తుంది. రాత కన్నమ్మది తల్లీ. పిలుపు కొన్నమ్మది. ఆ ఒక్క పిలుపు తిని తవిటమ్మ మళ్ళీ ఏడాదంతా బతుకుతుంది.

గింజేమో కుండకి,
తవుడేమో చాటకి,
ఉప్పేమో ఏటికి,
కథేమో కంచికి,
కన్నేమో నిద్దరకి,
మనమేమో ఇంటికి.