నీటి చుక్కలు చెప్పిన సాక్ష్యం

ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేయవచ్చు. ఈమధ్య అలా జరుగుతోంది. మనవరాలి ఇంటర్ పుస్తకంలో స్థానం, వేగం, త్వరణం అని మూడు మాటలు చదివాను. వస్తువు ఉన్న చోటు స్థానం. ఆ చోటు ఎంత చురుగ్గా మారుతోందో చెప్పేది వేగం. ఆ వేగమే మారుతుంటే, ఆ మార్పు ఎంతో చెప్పేది త్వరణం. ఒకదాని మార్పులోంచి మరొకదాన్ని రాబట్టే లెక్కకు అవకలనం అని పేరు. చదివిన రోజు అర్థమైంది, మర్నాటికి వరుస జారిపోయింది. అందుకని ఆ వరుసను జంతువులకు అప్పగించాను. అవైతే గుర్తుపెట్టుకుంటాయి.

ఒక ఎర్రమిట్ట. మిట్ట మీద బోరు, దిగువన జీడిమామిడి మొక్కలు. ఎండాకాలమంతా పుల్లన్న అనే ఎద్దు నీళ్ల పీపా బండిని పైనుంచి కిందికి లాక్కొచ్చేవాడు. దారి తెలిసినవాడు కాబట్టి తోలేవాళ్లు అక్కర్లేదు. పీపా బిరడాకి గోనెపీచు చుట్టారు. బండి నడిచినా నిలిచినా ఆ పీచులోంచి చుక్కలు ఒకే తాళంలో రాలేవి. అది రాతినేల, గిట్ట ముద్ర పడదు. నీటి చుక్క పడ్డచోట మాత్రం పైన ఉన్న ఎర్రదుమ్ములో మచ్చ తేలేది. ఆ మచ్చల వరుస చూసి, పుల్లన్న వచ్చి వెళ్లాడని పిట్టలు తెలుసుకునేవి.

దారి చివర తుమ్మచెట్టు, బండి ఆగే చోటు. దానికి కాస్త ఇవతల, దారి మధ్యలోనే, గులకరాళ్ల నడుమ సీతాలు అనే తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. పుల్లన్న రోజూ ఆ గూటి దగ్గర నడక తగ్గించి, బండిని పక్కకు తిప్పుకుని పోయేవాడు.

ఒక రోజు సీతాలు నీళ్లు తాగి వచ్చేసరికి గూట్లో పెంకులే మిగిలాయి. దాని అరుపుకి మిట్ట మీద ఉన్నవాళ్లంతా పోగయ్యారు. అందరికంటే ముందు వచ్చినవాడు నక్క నరసయ్య. వచ్చి బుద్ధిగా తోక మీద కూర్చున్నాడు.

"చెప్పడానికి నోరు రావట్లేదు అచ్చమ్మత్తా," అన్నాడు, పెద్దమనిషిగా కూర్చున్న ముసలి మేకతో. "కళ్లారా చూశాను. పుల్లన్న దౌడు తీస్తూ దిగాడు. గూడు తొక్కేశాడు."

"నేను మెల్లగానే దిగాను. గుడ్ల పక్కనుంచే తిరిగాను," అన్నాడు పుల్లన్న. అతనికి అంతకంటే మాట్లాడడం రాదు.

ఆ మిట్ట మీద ఒక కట్టుబాటు ఉంది. గూడు తొక్కినవాడి వీపు మీద ఏ పిట్టా వాలదు. వినడానికి చిన్న శిక్షే. కానీ ఎండాకాలంలో ఒంటినిండా నెత్తురు పీల్చే గోమార్లు పట్టిన ఎద్దుకి, వాటిని ఏరే పిట్ట లేకపోతే, నెత్తురు హరించుకుపోయి మంచాన పడ్డట్టే. పుల్లన్న మెడ వంచుకుని నిలబడ్డాడు.

"సాక్ష్యం ఏముంది?" అంది అచ్చమ్మ.

"దుమ్ములో చుక్కలు చూడండి. గూటి పక్కనే ఉన్నాయి," అన్నాడు నరసయ్య.

"రోజూ అక్కణ్ణించే వెళ్తాడు, అక్కడ లేక ఎక్కడుంటాయి? చోటు తెలిసినంత మాత్రాన నేరం తెలిసినట్టు కాదు."

"సరే, ఎడం చూడండి. మెల్లగా నడిస్తే చుక్కలు దగ్గరగా పడతాయి, పరుగెత్తితే దూరంగా పడతాయి. అవునా కాదా?"

అందరూ చూశారు. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య మేకపిల్ల పడుకునేంత జాగా ఉంది. గుంపులో గుసగుసలు లేచాయి. గోరింక ఒకటి పుల్లన్న వీపు మీంచి లేచి కొమ్మెక్కేసింది.

"వేగంగానే వచ్చినట్టుందిరా నాయనా," అంది అచ్చమ్మ, బాధగా.

తీతువు నడక మీకు తెలుసు కదా, గబగబా కాస్త పరుగు, ఠక్కున నిలవడం, మళ్లీ పరుగు. సీతాలు అలాగే చుక్కల వెంట మిట్ట మీదికి పోయింది, తిరిగి చెట్టుదాకా వచ్చింది. తుమ్మచెట్టు కింద బండి నిలిచిన చోట మడుగంత తడి ఉంది.

"అత్తా, నాకొకటి అర్థం కావడంలేదు," అంది. "పైన మొదటి చుక్క నుంచి ఇక్కడి చివరి చుక్క దాకా ఒకటే ఎడం. నిలబడ్డ బండి కదిలితే మొదట మెల్లగానే కదలాలిగా? అంటే చుక్కలు మొదట దగ్గరగా పడి, పోనుపోనూ దూరం జరగాలి. ఆగేముందు మళ్లీ దగ్గర పడాలి. ఠక్కున ఆగాననుకునే నాకే చివరి అడుగులు పొట్టివి. అంత పీపా ఉన్న బండి, వేగం పెంచుకోకుండా పరుగందుకుని, తగ్గించుకోకుండా ఎలా ఆగింది?"

నరసయ్య నవ్వాడు. "ఆగలేకేం? నేను ఆగుతాను."

"చూపించు మామా. పైనుంచి రా. చెట్టు దగ్గర ఆగు. మధ్యలో ఎక్కడా తగ్గకూడదు."

"ఇప్పుడా? మోకాలు నొప్పిగా ఉంది."

"ఇందాక అందరికంటే ముందు వచ్చావుగా," అంది అచ్చమ్మ.

నరసయ్య ఇష్టం లేకుండానే లేచాడు. పైకెళ్లాడు, దౌడు అందుకున్నాడు. చెట్టు దగ్గర పడుతుంటే కాళ్లు వాటంతటవే బిగుసుకోబోయాయి. తగ్గితే పుల్లన్న గెలుస్తాడు. తగ్గలేదు. చెట్టు వచ్చింది, ఆగడం రాలేదు. ముందుకాళ్లు నేలను పట్టుకున్నాయి, ఒళ్లు మాత్రం మాట వినక గిరికీ కొట్టి తుమ్మముళ్లలో పడింది. తోక జెండాలా పైకి నిలిచింది.

దాని కొస నిండా ఎర్రమట్టి ఎండి గడ్డకట్టి ఉంది.

"అదేంటి మామా?" అంది సీతాలు, చాలా నెమ్మదిగా. "చెట్టు కింది మడుగులో తడిపిన తోకతో దుమ్ము ఊడిస్తే అలా అంటుకుంటుంది. పుల్లన్న చుక్కల్ని చెరిపేసి, దాంతోనే నీ చుక్కలు అద్దావు. గుడ్లు తిన్నాక తీరిగ్గా చేసిన పని."

నరసయ్య ముళ్లు పీక్కుంటూ మిట్ట దిగి పోయాడు. తర్వాత ఆ చుట్టుపక్కల అతని మాట ఎవరూ నమ్మలేదు. గోరింక సిగ్గుపడుతూ తిరిగొచ్చి పుల్లన్న వీపు మీద వాలింది.

పోయిన గుడ్లు తిరిగి రాలేదు. సీతాలు గూట్లో మిగిలిన పెంకుల్ని ఒక్కొక్కటిగా ముక్కుతో ఎత్తి దూరంగా పడేసింది.

మర్నాడు పుల్లన్న వచ్చాడు. అక్కడ గూడు లేదని తెలుసు. అయినా అలవాటుగా కాళ్లు బిగబట్టి నడక తగ్గించాడు. దుమ్ములో చుక్కలు దగ్గరగా, ఇంకా దగ్గరగా, ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా పడ్డాయి. సీతాలు వాటిని చూసి, కొత్త గూటికి మళ్లీ ఆ చోటునే ఎంచుకుంది.

నీతి: ఒకడు ఎక్కడున్నాడో, ఎంత వేగంగా వచ్చాడో చూసినంతలో తీర్పు చెప్పకండి, ఆ వేగం ఎలా మారుతూ వచ్చిందో కూడా చూడండి.

చెల్లీ కృష్ణవేణీ, ఎద్దు పుల్లన్నే కదా, పిట్ట సీతాలే కదా? మధ్యలో ఎక్కడైనా ఒకరి పేరు ఇంకొకరికి పెట్టానేమో, ఒకసారి సరిచూసి పెట్టు.