మూర పెరిగిన మహారాజు

పటం మీద వేలు పెడితే వేలి కింద మాయమయ్యేంత చిన్న రాజ్యం ఒకటుండేది, చంద్రవంక అని. దాని రాజు ఉత్తుంగవర్మ మనిషి పొట్టి, మాట మాత్రం పెద్దది.

ఒకనాడు మంత్రి నాగదేవుడు కొలువులో తాటాకు విప్పాడు.

"మహాప్రభూ! దేశదేశాల వర్తకులు తెచ్చిన లెక్కలివి. లోకమంతా కలిపి చూస్తే పంట నిరుటి మీద నూటికి మూడు పాళ్లు పెరిగింది. మన రాజ్యంలోనో, ముప్పై!"

రాజు మీసం దువ్వాడు. "లోకం మన వెనకబడిందన్నమాట! ఇంత పెరిగిన దేశంలో ఆకలేమిటి? మెట్ట ఊళ్ల అంబలిశాలలు మూసేయమని ఇప్పుడే తాఖీదు పంపండి."

సభంతా జేజేలు పలికింది. ఆస్థాన పరిహాసకుడు పోలన మాత్రం పలకలేదు. అతనిది మెట్ట ప్రాంతమే. అక్కడ రెండేళ్లుగా వానల్లేవు. ఊరి అంబలిశాలలో గరిటె పట్టేది అతని అక్క లింగమ్మ. మొన్ననే కబురు పంపింది. "తమ్ముడూ, జొన్నలు నిరుటిలాగే పది కుంచాలు వస్తున్నాయిరా. గంగాళం మాత్రం నిండడం లేదు."

పోలన నేరుగా గాదెల దగ్గరికి వెళ్లాడు. నిరుటి కోతలయ్యాక మంత్రి చేయించిన కొత్త కుంచాన్ని పాతదాని పక్కన పెట్టి చూశాడు. సంగతి తెలిసింది. అక్కడినుంచి పూలమ్మే చెంగమ్మ ఇంటికి నడిచాడు. చెంగమ్మవి పొట్టి చేతులు. ఆమె కొలిచే మూర చూసి పూలు కొనేవాళ్లు రోజూ పోట్లాడతారు.

మర్నాడు ఆమెను కొలువుకు తీసుకొచ్చాడు.

"ప్రభూ! రాజ్యం అంత పెరిగితే రాజు పెరగకుండా ఉంటారా? ఒకసారి కొలవనివ్వండి."

"నిరుడు దర్జీ కొలిస్తే మూడున్నర మూరలున్నాం" అన్నాడు రాజు ఆశగా.

చెంగమ్మ మడమ నుంచి మాడు దాకా కొలిచింది. "నాలుగున్నర, మారాజా!"

"ఏడాదిలో మూర! నూటికి ముప్పై పాళ్లకు అటూ ఇటూ!" అన్నాడు పోలన.

రాజు పొంగిపోయి సింహాసనమెక్కాడు. కాళ్లు ఎప్పటిలాగే జానెడెత్తున వేలాడాయి. కిందికి చూసుకున్నాడు.

"పోలనా, ఇంత పెరిగినా కాళ్లు నేలకు ఆనవేం?"

"కాళ్లకింకా కబురు అందలేదు ప్రభూ. మెట్ట ఊళ్ల కడుపులకూ అందలేదు."

రాజు చెంగమ్మ వైపు తిరిగాడు. "ఏదీ, చెయ్యి చాపు. ఇదా మూర!"

"మా వీధిలో ఇదే మూర, మారాజా!"

పోలన కొత్త కుంచం నిండా జొన్నలు పోసి పాత కుంచంలో ఒంపాడు. నాలుగు వేళ్లు వెలితి. మంత్రి నుదురు తుడుచుకున్నాడు.

"లోకం రెండేళ్ల పంటనూ ఒకే కుంచంతో కొలిచింది ప్రభూ. మనవాళ్లు నిరుటి పంటను పాత కుంచంతో, ఈ ఏటి పంటను కొత్త కుంచంతో కొలిచారు. ఒకే కుంచంతో కొలిస్తే మనం నిరుడున్నచోటే ఉన్నాం. లోకం మూడు పాళ్లు ముందుంది."

రాజు ఒక్క క్షణం ఎర్రబడ్డాడు. మరుక్షణం కిరీటం జారేలా నవ్వాడు.

"లోకాన్ని ఓడించాననుకున్నాను, పూలమూరతో నన్నోడించావు! ఏం కావాలో కోరుకో."

"మంచి గుర్రం ప్రభూ. మీ తాఖీదు నిన్ననే బంటు చేతిలో, కాలినడకన బయల్దేరింది. దానికన్నా ముందు నేను ఊరు చేరాలి. లేకపోతే అక్క పొయ్యి ఆర్పేస్తుంది."

రాజు తాఖీదు రద్దుచేసి, తన సొంత గుర్రాన్నే ఇచ్చాడు. వెనకాల పది బళ్ల జొన్నలు కదిలాయి. వాటిని పాత కుంచంతో కొలిచి ఇచ్చి రమ్మని మొదటి బండిలో, బస్తాల మీద, మంత్రిగారిని కూర్చోబెట్టారు.