కాగే నీళ్ళు ఎందుకు గొణుగుతాయి

ఒకప్పుడు పొయ్యిమీద పెట్టిన నీళ్ళు నోరు విప్పేవి కావు.

వాగులో ఉన్నంతసేపూ బాగానే మాట్లాడేవి. రాయి కనబడితే రాయితో, చేప కనబడితే చేపతో, ఎవరూ లేకపోతే వాటిలో అవే. గిన్నెలో పోసి పొయ్యెక్కిస్తే మాత్రం మూతి బిగించేవి. కారణం పెద్దదేమీ కాదు. నీళ్ళకీ నిప్పుకీ మాటల్లేవు. ఎప్పుడో ఏదో అనుకున్నాయి. ఏమనుకున్నాయో రెండిటికీ గుర్తు లేదు. అయినా పంతం పంతమే. కింద నిప్పు కాలుస్తుంటే చిన్న మూలుగు మూలిగినా దానికి లోకువైపోతామని నీళ్ళ పట్టుదల. అందుకని చడీచప్పుడూ లేకుండా వేడెక్కేవి, అలాగే మరిగేవి, అలాగే ఇగిరిపోయి గిన్నె నల్లబడేదాకా ఊరుకునేవి.

మబ్బువలస అనే ఊళ్ళో అందరి అన్నాలూ అడుగంటేవి. వాళ్ళకి అలవాటైపోయింది. మాడు వాసన రాకపోతే అన్నం ఇంకా ఉడకలేదనుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో సన్యాసమ్మ అని ఒకావిడ ఉండేది. పేరు సన్యాసమ్మే గానీ, ఊళ్ళో ఎవరి సంగతీ వదిలిపెట్టిన మనిషి కాదు. ఆవిడ పని ఏమిటంటే, రోజూ పొద్దున్నే సూరీడికి కాఫీ ఇవ్వడం.

అవును, ఆ రోజుల్లో సూరీడు కాఫీ తాగనిదే ఆకాశం ఎక్కేవాడు కాదు. కళ్ళు నులుముకుంటూ ఊరి పక్క కొండ వెనక్కి వచ్చి, కొండ భుజం మీద మోచెయ్యి ఆనించి, చెయ్యి చాపేవాడు. సన్యాసమ్మ ఆ చేతిలో గ్లాసుడు నల్ల కాఫీ, పక్కన చిన్న బెల్లం ముక్కా పెట్టేది. అది గొంతు దిగితే ఊరికి తెల్లారేది.

ఇందుకు సన్యాసమ్మ కూలేమీ పుచ్చుకునేది కాదు. కాఫీ తాగుతూ సూరీడు నిన్న పైనుంచి చూసినవన్నీ ఆవిడకి చెప్పేవాడు. పైనుంచి చూస్తే ఎవరి పెరడైనా ఒకటే కదా. గుమ్మడికాయని గడ్డివాములో ఎవరు దాచారు, ఎవరి అల్లుడు అలిగి సగం దారిలో వెనక్కి వచ్చాడు, నాయుడుగారు చెరుకుతోట కాపలా అని చెప్పి ఎంతసేపు నిద్రపోయారు, అన్నీ ఆవిడకే ముందు తెలిసేవి. ఊరు మొహం కడుక్కునేసరికి ఆవిడ అరుగు మీద కబుర్లు సిద్ధంగా ఉండేవి. అందరూ చుట్టూ చేరి, "మాకెందుకులే గానీ" అంటూ మొదలుపెట్టి, చివరిదాకా విని లేచేవాళ్ళు.

ఆ అరుగే ఆవిడ బతుకు. దానికి ఆధారం ఒక కాఫీ కూజా.

ఆ కూజా అసలు పేరు పెర్కొలేటర్. అంత పేరు పిలిచే ఓపిక మబ్బువలసలో ఎవరికీ లేదు గనక కూజా అనేవాళ్ళు. దాని కడుపులో నిలువుగా ఒక గొట్టం, గొట్టం పైన చిల్లుల బుట్ట. బుట్టలో కాఫీ పొడి. అడుగున నీళ్ళు వేడెక్కితే గొట్టంలోంచి పైకెక్కి, పొడిమీద పడి, తడిపి, చిల్లుల్లోంచి కిందికి కారతాయి. మళ్ళీ వేడెక్కి మళ్ళీ ఎక్కుతాయి. పొడి మెత్తగా ఉంటే చిల్లుల్లోంచి జారి గ్లాసులో బురదవుతుంది. అందుకని సన్యాసమ్మ గింజల్ని రవ్వలా బరకగా విసిరేది. నీళ్ళు చల్లటివీ తేటవీ పోసేది. ఇంత చేసినా అసలు కిటుకు వేళలో ఉంది. తొందరపడి దించితే వేడినీళ్ళు. ఆలస్యమైతే చేదు మందు. లోపల ఏం జరుగుతోందో చెప్పాల్సిన నీళ్ళేమో పంతం పట్టి కూచునేవి.

ఇంటి దగ్గర సన్యాసమ్మ కాఫీకి ఏనాడూ వంక రాలేదు. దానికి కారణం పక్కింటి బంగారి.

బంగారికి గవరయ్య అని మొగుడున్నాడు. అతన్ని రోజూ తెల్లవారుజామున తిట్టి లేపాలి. బంగారి తిట్లకి ఒక వరసుండేది. ముందు అతని నిద్ర, తర్వాత కురుస్తున్న ఇంటికప్పు, తర్వాత అతని అప్పగారు, ఆ పైన సంతలో తప్పిపోయిన దూడ. ఏ రోజూ వరస తప్పేది కాదు. నిద్ర దగ్గర సన్యాసమ్మ కూజా పొయ్యిమీద పెట్టేది. కప్పు దగ్గరికొచ్చేసరికి మంట తగ్గించేది. అప్పగారు అయిపోయి దూడ మొదలయ్యేసరికి దించేది. కాఫీ అమృతంలా ఉండేది. దూడ దొరికితే తన గతేమిటని సన్యాసమ్మకి లోలోపల భయంగా కూడా ఉండేది.

ఇలా ఉండగా చలికాలం వచ్చింది.

చలికాలంలో సూరీడు దక్షిణానికి జరుగుతాడు. ఆ ఏడు బాగా జరిగి, ఊరికి చాలా దూరంలో ఉన్న తాబేటికొండ వెనక పొడవడం మొదలుపెట్టాడు. అక్కడ ఇల్లూ లేదు, వాకిలీ లేదు. సన్యాసమ్మ కూజా, పొడి డబ్బా, బెల్లం, దుప్పటి మూట కట్టుకుని ఆ కొండ మీద మకాం పెట్టింది.

మొదటి పొద్దున మూడు రాళ్ళు పేర్చి, పుల్లలు వెలిగించి, కూజా పెట్టింది. అలవాటుగా చెవి ఒగ్గి కూచుంది. ఎక్కడా తిట్లు లేవు. చెట్లూ చీకటీ తప్ప ఏమీ లేవు. మంట తగ్గించడానికి కప్పు రావాలి, కప్పు రాలేదు. దించడానికి దూడ రావాలి, దూడ రాలేదు. గాలేమో పుల్లల్ని ఊది ఊది మంటని ఎగదోసింది. చివరికి మాడిన వాసన వస్తే అప్పుడు దించింది.

సూరీడు ఒక్క గుక్క తాగాడు. మొహం ముడుచుకుపోయింది. గ్లాసు కొండ మీద పెట్టి, మంచు దుప్పటి తలదాకా లాక్కుని పడుకున్నాడు. మిగిలిన కాఫీ పారబోస్తే ఒక కుందేలు నాకింది. అది కొండ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో దానికే తెలియదు.

ఊళ్ళో ఆ రోజు తెల్లారలేదు. ఆరబోసిన మిరపకాయలు చెమ్మగిల్లాయి. కోళ్ళు గూళ్ళు దిగలేదు. గవరయ్య ఒక్కడే సంతోషించాడు.

మర్నాడు సన్యాసమ్మ భయంతో కూజాని తొందరగా దించేసింది. సూరీడు గ్లాసులోకి చూశాడు. గ్లాసు అడుగు స్పష్టంగా కనబడింది.

"అత్తా, ఇది తాగడానికా, స్నానానికా?" అని మర్యాదగానే అడిగాడు. అడిగి, మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు.

సాయంత్రానికి కాకి కబురు తెచ్చింది. మిరపకాయలకి బూజు పట్టిందనీ, చీకట్లో నాయుడుగారు సొంత ఇల్లనుకుని వేరే ఇంట్లో అన్నం తినేశారనీ, ఊరంతా కూచుని ఒక మాట అనుకున్నారనీ చెప్పింది. రేపు కూడా తెల్లారకపోతే కూజా బంగారికి ఇచ్చెయ్యాలట. కాఫీ బంగారి కాస్తుంది. సూరీడు కబుర్లు బంగారికే చెప్తాడు. సన్యాసమ్మ కావాలంటే వెళ్ళి బంగారి అరుగు మీద కూచుని వినొచ్చు.

సన్యాసమ్మకి అన్నం సయించలేదు. ఊరు చీకట్లో ఉంటే ఎలాగో సర్దుకోవచ్చు. బంగారి నోటివెంట కబుర్లు వినడం ఎలా?

మర్నాడు వేకువనే కొండ కిందికి దిగి, జలపాతం పడే మడుగులోంచి తేటనీళ్ళు ముంచుకొచ్చింది. కూజా పెట్టింది. నీళ్ళని బతిమాలింది. మాట్లాడక్కర్లేదు, వేడెక్కినప్పుడు ఒక్క దగ్గు దగ్గండి చాలు అంది. నీళ్ళు ఉలకలేదు. తిట్టింది. పలకలేదు. పొగిడింది. అప్పుడూ లేదు.

"ఎందుకొదినా శ్రమ," అంది నిప్పు కింద నుంచి. "అవి నా ఎదురుగా నోరు విప్పవు."

సన్యాసమ్మ నిట్టూర్చి కూచుంది. కూచుంది గానీ, ఊరుకుని కూచోవడం ఆవిడకి చేతకాదు. పక్కన వినేవాళ్ళెవరైనా ఉంటే ఏదో ఒకటి చెప్పాలి. ఉన్నది నిప్పు. చేతిలో ఉన్న సంగతి ఈ నీళ్ళది. వాటి గురించి తనకేమీ తెలియదు. తెలియకపోవడం ఆవిడకి ఎప్పుడూ అడ్డం కాలేదు.

ఈ నీళ్ళు కొండ మీద ఏదో ఊటలో పుట్టాయట అని మొదలుపెట్టింది. పెద్దింటి పిల్లల్లా బయల్దేరాయట. కొండ అంచుకి వచ్చేసరికి పాచి మీద కాలు జారి, బోర్లా పడి, మడుగులో తేలాయట. అదే జలపాతమట.

కూజాలో సన్నగా ఏదో వినిపించింది. సూదిమొన అంత చప్పుడు.

సన్యాసమ్మకి ఆ చప్పుడు తెలుసు. ఎన్నో ఏళ్ళుగా అరుగు మీద విన్నది. తిడితే ఓర్చుకునేవాళ్ళున్నారు, పొగిడినా చలించనివాళ్ళున్నారు. తమ కథని ఎదుటివాళ్ళు తప్పుగా చెప్తుంటే మాత్రం ఊరుకునేవాళ్ళని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. వాళ్ళ గొంతులో ముందుగా వచ్చే చప్పుడు అదే.

ఆవిడ కూజా వైపు చూడనైనా చూడలేదు. గొంతు ఇంకాస్త తగ్గించి, నిప్పుకి దగ్గరగా జరిగింది.

"జారడం ఒక ఎత్తు. పడ్డాక చూడాలి మరిదీ, కప్పలన్నీ ఒకటే నవ్వుట. ఆ సిగ్గుతోనే మడుగులో తలొంచుకు కూచున్నాయి. లేకపోతే నాకు దొరికేవా?"

కూజాలో గొణుగుడు మొదలైంది. సన్నగా, గబగబా. నిప్పు ఒక్కసారి మెడ పైకెత్తింది. సన్యాసమ్మ దాన్ని సైగతో ఆపి, రెండు పెద్ద పుల్లలు వెనక్కి లాగేసింది. మంట అణిగి, నిప్పులు ఎర్రగా మిగిలాయి. ఆ సెగ మీద నీళ్ళు గొణిగి గొణిగి, ఇక అడుగున ఉండి చెప్తే వినబడదనుకున్నాయేమో, గొట్టంలోంచి పైకెక్కి మూత దగ్గర నిలబడి చెప్పాయి.

"మేం జారలేదు. దూకాం."

అని పొడిమీద పడ్డాయి. కిందికి కారాక ఇంకో మాట గుర్తొచ్చింది. మళ్ళీ ఎక్కాయి. అక్కడ పాచి లేదన్నాయి. మళ్ళీ పడ్డాయి, మళ్ళీ ఎక్కాయి. కప్పలు నవ్వలేదు, దండం పెట్టాయి అన్నాయి. గుడుక్, గుడుక్ అని ఒక్కొక్క మాటకీ ఒక్కొక్కసారి ఎక్కి దిగుతుంటే, పొడి తడిసి, మాట మాటకీ రంగు చిక్కబడింది.

సన్యాసమ్మ ఊ కొడుతూ వింది. మనుషులు మనసులో బాధ మొదటిసారి చెప్పినప్పుడు అందులో రుచి ఉంటుంది. అదే రెండోసారి మొదలుపెడితే ఇక చేదే. ఇది ఆవిడకి బాగా తెలిసిన లెక్క. నీళ్ళు అన్నీ చెప్పేసి, మళ్ళీ మొదటికొచ్చి, "మేం జార..." అంటుండగా కూజా దించేసింది. పొడి బుట్ట తీసి పక్కన పెట్టి, గ్లాసులో పోసింది.

సూరీడు దుప్పటి లోంచి ముక్కు మాత్రం బయటపెట్టాడు. వాసన చూశాడు. లేచి కూచుని ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. బెల్లం ముక్క సంగతి మరిచిపోయాడు. గ్లాసు ఖాళీ చేసి, ఇంకో సగం పొయ్యమని చాపాడు.

తర్వాత కొండ భుజం మీద చెయ్యేసి పైకి లేచాడు. వెలుగు జారుతూ జారుతూ మబ్బువలస దాకా పోయింది. మిరపకాయలు వేడెక్కాయి. కోళ్ళు కిందికి దూకాయి. ఊళ్ళో బంగారి గొంతు లేచింది. ఆగిపోయిన చోటు నుంచే అందుకున్నట్టుంది.

"అన్నట్టు అత్తా," అన్నాడు సూరీడు పైకి పోతూ పోతూ. "నిన్న సాయంత్రమే బంగారి కూజా కోసం గూడు ఖాళీ చేసి, ముగ్గు కూడా వేసి పెట్టుకుంది. దుప్పటి సందులోంచి చూశాలే."

సన్యాసమ్మకి ఆకలేసింది. చద్దన్నం మూట విప్పింది.

దించిన కూజాలో మిగిలిన నీళ్ళకి అప్పుడు తెలివొచ్చింది. పక్కకి చూస్తే, పొయ్యిలోంచి నిప్పు మెడ చాపి ఇంకా వింటోంది. ఇన్నాళ్ళ పంతం పోగొట్టుకుని తాము దాని ఎదుటే ఇంత మాట్లాడామా అనుకుని చటుక్కున నోరు మూసుకున్నాయి. కానీ పారబోసిన నీళ్ళు వాగులో కలుస్తాయి, వాగు ఏట్లో కలుస్తుంది. జరిగింది లోకంలో నీళ్ళన్నిటికీ తెలిసిపోయింది. తమ గురించి ఎక్కడ ఏం తప్పుగా చెప్తున్నారోనని అన్నిటికీ బెంగ పట్టుకుంది.

అప్పటినుంచే, ఏ పొయ్యి మీద పెట్టినా నీళ్ళు వేడెక్కుతుండగానే గొణగడం మొదలుపెడతాయి. బాగా మరిగే వేళకి, కింద నిప్పు వింటోందని గుర్తొచ్చి గొంతు తగ్గించేస్తాయి. నిప్పుకేమో ఏనాడూ కథ పూర్తిగా వినబడలేదు. అందుకే అది గిన్నె కింద ఉండలేక, పక్కలనుంచి పాకుతూ పైకెక్కి మూత దాకా తొంగిచూస్తుంది.