ఏ రొబేర్‌ను పిలిచినట్టు?

గొంత్రాన్ గురువును శిష్యుడు ఒక మాట అడిగాడు. ఆయన నోరు విప్పకుండా ఒక రాయి చూపించాడు. కథ ఇంతే, చిన్నది. అయితే వాల్‌మోర్ సీమలో ఏదీ చిన్నగా ముగియదు. గురువుగారి మఠంలో భోజనానికి ముందు ప్రార్థనే గంట సాగేది. కూర ఉడకని రోజున వంటవాడు ఇంకో రెండు కీర్తనలు పాడించేవాడని ఊళ్లో చెప్పుకునేవారు.

ఫ్రాన్సు దేశంలోని ఆ సీమను ఏలే ప్రభువును కౌంట్ అంటారు. ఆరు తరాలుగా కౌంట్‌లందరి పేరూ రొబేరే. రైతుల పట్టాల మీద "రొబేర్ ఏలినంత కాలం ఈ భూమి మీది" అని రాసి ఉంది మరి. ఆరో రొబేర్‌కు రెండో కొడుకు పుట్టేనాటికి మొదటి కొడుకు రొబేర్ జబ్బుతో మంచాన ఉన్నాడు. వీడు దక్కేలా లేడని రెండోవాడికీ అదే పేరు పెట్టేశారు. ముందుచూపంటే వాళ్లదే. ఇద్దరూ బతికారు. పెద్ద రొబేర్‌కు గుర్రాలు ఇచ్చారు, చిన్న రొబేర్‌ను మఠానికి ఇచ్చారు.

చిన్న రొబేర్‌కు ముప్ఫయ్యో ఏట కబురొచ్చింది. తండ్రి విషజ్వరంతో పోయాడు. పోతూ పోతూ "రొబేర్" అన్నాడు. ఏ రొబేర్ అని పాదిరి అడిగేలోపే కళ్లు మూశాడు.

"గురువుగారూ, నాన్నగారు పిలిచింది ఎవరిని? అన్ననా, నన్నా?"

అని చిన్న రొబేర్ గొంత్రాన్‌ను అడిగాడు. మఠంలో వదిలాక తండ్రి అతన్ని ఒక్కసారి కూడా పిలవలేదు. సీమ కన్నా ఆ పిలుపే అతనికి ఎక్కువ కావాలి.

గురువు అతన్ని శిల్పి ఆర్నో దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక కౌంట్ పోయిన రోజే, వచ్చే కౌంట్‌కు సమాధిరాయి మొదలుపెట్టడం అక్కడి ఆచారం. ఆర్నో అప్పటికే "ఏడో రొబేర్" అని చెక్కేశాడు. కౌంట్ ముఖం చెక్కాల్సిన చోట మాత్రం రాయి నున్నగా ఉంది.

"కాస్త పడుకోండి చిన్నదొరగారూ, కొలత చూస్తాను."

చిన్న రొబేర్ పడుకున్నాడు. రాయి చల్లగా, సరిగ్గా అతని పొడవే ఉంది. ఇది నాదే అనుకున్నాడు. కళ్లు చెమర్చాయి.

"అచ్చం సరిపోయారు," అన్నాడు ఆర్నో. "పొద్దున మీ అన్నగారికీ ఇంతే సరిపోయింది. ఆయనా ఓ పట్టాన లేవలేదు."

గురువు శిష్యుడి ముఖంలోకి చూశాడు. శిష్యుడు లేచి, దుమ్ము దులుపుకుని, గుర్రం కావాలన్నాడు.

కోటలో ఇంకో ఆచారం ఉంది. పోయిన కౌంట్ చేయి పట్టుకుని, జనం తన పేరున జై కొట్టేదాకా వదలనివాడే వారసుడు. చిన్న రొబేర్ వెళ్లేసరికి అన్న తండ్రి కుడిచేయి పట్టుకుని కూర్చున్నాడు. ఇతను ఎడమచేయి పట్టుకున్నాడు. జనం "రొబేర్‌కు జై" అన్నారు. ఇద్దరూ తననే అనుకున్నారు. అవతలివాడు వదిలితే తప్ప తాను వదలనన్నారు.

"నీ మఠానికి పోరా, ప్రార్థనకు వేళయింది," అన్నాడు అన్న.

"నువ్వు లే ముందు. నీ గుర్రాలు ఆకలితో సకిలిస్తున్నాయి," అన్నాడు తమ్ముడు.

ఆ అన్నదమ్ములు అంతసేపు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఎండలు మండుతున్నాయి. మూడు రోజులు గడిచాయి. యుద్ధం తప్పదని సీమంతా ధాన్యం పాతర్లలో దాచుకుంది. కత్తి మాత్రం ఎవరూ దూయలేదు. నాలుగో రోజు ఇద్దరికీ తండ్రి జ్వరమే వచ్చింది. వారం తిరక్కుండా ఇద్దరూ పోయారు. సీమ వాళ్ల మేనత్త కొడుకు ఎర్వే చేతికి వచ్చింది. పాత పట్టాలు ఇక చెల్లవని అతను దండోరా వేయించాడు.

మఠంలో మిగిలిన శిష్యులు గురువు చుట్టూ చేరి, ఇంతకీ ఆ పెద్దాయన పిలిచింది ఎవరినని అడిగారు.

"పిలిచాడు," అన్నాడు గురువు. "ఇద్దరూ వెళ్లారు."