మడవలో రాయి

చెంచురామయ్య గారిని ఏ సందేహం అడిగినా ముందు చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. జవాబు ఆ పనిలోనే దొరకాలి. దొరక్కపోయినా ఆయన తోట మాత్రం బాగుపడుతుంది.

ఆ ఉదయం టౌను నుంచి వచ్చిన దర్జీ పెంచలయ్య ఆయన ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

"మగతనం సంగతి, స్వామీ. డాక్టరు గుండె పరీక్ష చేసి, ఛాతీనొప్పికి మాత్రలేమీ వాడటంలేదన్నాకే బిళ్ల రాసిచ్చాడు. రెండుసార్లు మింగినా, ఫలితంలేదు. నేనంటే మొహం మొత్తిందా అని మా ఆవిడ సుశీల ఏడ్చింది. రేపు అక్క ఇంటికి పోతానంటోంది. మందెందుకు పనిచేయలేదు?"

"మింగి ఏం చేశావు?"

"గోడవైపు తిరిగి పడుకుని కాచుకున్నా. బిళ్ల సంగతి ఆమెకు చెప్పలా."

గురువు నవ్వలేదు. వంగతోట చూపించారు. "ఇసుక నేల. నీళ్లు పారేందుకు గట్టుకు మడవ తీసిన కాసేపటికే మట్టి జారి దారి మూసుకుపోతుంది. ఈ రాయి ఆనించి, మడికి నీళ్లు కట్టు."

దూరంగా మోటారు దగ్గర ఆయన భార్య శేషమ్మ గారు కూర్చుని ఉన్నారు. పెంచలయ్య మడవ తీసి, కాజా కుట్టినంత శ్రద్ధగా రాయి ఆనించి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వీపు మాడింది గానీ చుక్క నీరు రాలేదు. విసుగెత్తి ఆమె దగ్గరికి వెళ్లాడు.

"మోటారు వేయలేదేందమ్మా?"

"మడవకాడ మనిషి కేకేస్తేనే గదా నాయనా వేసేది? ఇందాకట్నించి మీట మీద చెయ్యేసుకుని నిన్నే చూస్తన్నా. నువ్వేమో అటు తిరిగి కూర్చుంటివి. నీళ్లొద్దేమో అనుకున్నా."

పెంచలయ్యకు చాప మీద తన వీపునే చూస్తూ పడుకున్న సుశీల కళ్లముందు మెదిలింది. పాపం, ఆమె మీద ప్రేమ ఏనాడూ తగ్గలేదు. ఆ మాట ఆమెకు చెప్పనే లేదు.

వెనక్కి వెళ్లి కేకేశాడు. కాలవలో నీళ్లొచ్చాయి. జారబోయిన మట్టి రాయికి ఆగింది. వంగమొక్కల మొదళ్లు తడిశాయి.

"బిళ్ల మానెయ్యమంటారా, స్వామీ?"

"రాయెందుకు తీస్తావు? దాని పని అది చేస్తోంది."

పెంచలయ్య చేతులు కడుక్కుని, ఇంకాసేపు కూర్చుందామని అరుగు వైపు నడిచాడు. గురువు అతని సంచీ అందించారు.

"ఇంటికి పో నాయనా. పిలుస్తారని ఎవరూ ఎల్లకాలం కూర్చోరు."