మట్టి తలుపు వెనుక దీనమ్మ

గువ్వలకోన అడవిలో మేడిచెట్లు ఎక్కువ. అక్కడ కోతులు, ఉడుతలు, ఉడుములు, కొమ్ముముక్కు పిట్టలు ఉండేవి.

కొమ్ముముక్కు పిట్టలది వింత కాపురం. గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట చెట్టు తొర్రలో దూరి, లోపలి నుంచి మట్టితో తలుపు మెత్తేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. మగపిట్ట పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. లోపల ఆడపిట్ట పాత ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరడం కుదరదు.

ఆ ఏడు ఒకే మద్దిచెట్టు మీద రెండు తలుపులు పడ్డాయి. పై తొర్రలో సుగుణమ్మ, కింది తొర్రలో దీనమ్మ. సుగుణమ్మకు తన రెక్కలంటే మహా గర్వం. అడవిలో తన అంత వేగంగా ఎగిరే పిట్ట లేదని తనే అందరికీ చెప్పుకునేది. దీనమ్మకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. పైగా గుడ్లు పెట్టడం ఇదే మొదటిసారి.

తొర్రలో చీకటి. సందులోంచి ఒక కొమ్మ, కాస్త ఆకాశం కనిపించేవి. అంతే. మగడు ఏసోబు పండు ఇచ్చి వెళ్లగానే దీనమ్మకు ఏడుపు వచ్చేది. "ప్రభువా, అతను మళ్లీ వచ్చేవరకు సరిపడా ఓర్పు దయచెయ్యి" అని ప్రార్థించేది. అలా పండు పండుకీ అడిగేది. కొన్నాళ్లకు పొద్దునోసారి, సాయంత్రమోసారి అడిగితే సరిపోయింది. దిగులు మాత్రం పోలేదు.

అంతలో ముసురు పట్టింది. గాలీ వానా. మగపిట్టలు రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు.

"మన మగాళ్లు మనల్ని మరిచిపోయారే!" అని పైనుంచి సుగుణమ్మ అరిచింది. "నేను వెళ్తున్నా."

"అక్కా, ఇంకా ఈకలు రాలేదు కదా! గుడ్లు ఏమవుతాయి?"

"నా రెక్కల సంగతి నాకు తెలీదా? పండు తెచ్చుకుని చిటికెలో వస్తా. నీలా మూల కూర్చుని ప్రార్థన చేస్తే కడుపు నిండుతుందా?"

సుగుణమ్మ తలుపు పగలగొట్టి దూకింది. రెక్కలు ఆడించింది. ఈకలే లేని రెక్కలు ఎంత ఆడిస్తే ఏం లాభం! రాయిలా కింద పడి, ముళ్లపొదలో దూరింది.

ఆ చప్పుడుకు ఒక ఉడుము వచ్చి చరచరా చెట్టెక్కింది. తెరిచిన తొర్రలో గుడ్లన్నీ తినేసింది. సుగుణమ్మ పొదలోంచి అదంతా చూసింది. దిగి వస్తూ ఉడుము దీనమ్మ తలుపునూ గీకింది. మట్టి గట్టిగా ఉంది. గీకి గీకి విసిగి వెళ్లిపోయింది.

"అక్కా! అక్కా!" అని దీనమ్మ పిలిచింది. వాన చప్పుడే వినిపించింది. చెట్టంతా ఖాళీ అయిపోయినట్టు అనిపించింది. ఆకలి, భయం. తనూ తలుపు పొడుద్దామని ముక్కు ఎత్తింది. మళ్లీ దించింది. గుడ్లను దగ్గరకు జరుపుకుని, "ప్రభువా, ఈ ఒక్క పూటకు" అంది.

వాన వెలిసింది. సందులోకి ఒక మేడిపండు వచ్చింది. వెనుకే తడిసి ముద్దయిన ఏసోబు ముక్కు.

"ఆ గాలికి ఎగరలేకపోయానే" అన్నాడు. దీనమ్మ పండు తింది.

సుగుణమ్మ మగడూ వచ్చాడు. పగిలిన తలుపు చూసి, పెళ్లాం చచ్చిపోయిందనుకుని ఏడుస్తూ కోన దాటి వెళ్లిపోయాడు. ఉడుము మళ్లీ వస్తుందన్న భయంతో పొదలోని సుగుణమ్మ నోరెత్తలేకపోయింది.

పిల్లలు పుట్టాయి. కొత్త ఈకలు వచ్చాక దీనమ్మ తలుపు పగలగొట్టుకుని బయటికొచ్చింది. పొద దగ్గర పురుగులు ఏరుకుంటూ సుగుణమ్మ కనిపించింది. తిండి చాలక ఈకలు సగమే వచ్చాయి.

"ఆ చీకట్లో ఒక్కదానివీ ఎలా ఉన్నావే?" అని సుగుణమ్మ అడిగింది.

"ఏడుస్తూనే ఉన్నానక్కా. తలుపు మాత్రం ముట్టుకోలేదు."

"నా వల్ల కాదే. ఈ ఈకలు ఎప్పటికి వస్తాయి?"

దీనమ్మ ఎగిరి వెళ్లి ఒక మేడిపండు తెచ్చి ఆమె ముందు పెట్టింది. "ఎప్పటికో నాకూ తెలీదు. ఇది తిను. సాయంత్రం ఇంకోటి తెస్తా. అప్పటిదాకా ఓర్చుకో, చాలు."

సుగుణమ్మ పండు తిని, సాయంత్రం కోసం కూర్చుంది.

నీతి: ఓర్పు ఒక్కసారే రాదు, పూటపూటకీ దేవుణ్ణి అడిగి పెంచుకోవాలి, పెరిగినదాన్ని ఓర్చుకోలేనివారితో పంచుకోవాలి.